చెరసాల తలుపు, తౌబా ద్వారం

నహ్మదుహూ వ నుసల్లీ అలా రసూలిహిల్ కరీమ్. అమ్మా బాద్.

న్యాయానికి త్రాసును నిలిపి, పాపికి తౌబా ద్వారాన్ని తెరచి ఉంచిన అల్లాహ్‌కే సకల స్తుతులు. శిక్షించే అధికారం ఉండి కూడా క్షమను ఎన్నుకొన్న కారుణ్యమూర్తి, అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహాబీలపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మనం తరచుగా మాట్లాడుకోని ఒక విషయాన్ని ఈ జుమా రోజున మీ ముందు ఉంచుతున్నాను. అది చెరసాల విషయం. మనిషిని గోడల మధ్య బంధించడం దేనికి? చేసిన దానికి ప్రతీకారంగానా? ఇతరులు చూసి భయపడటానికా? సమాజాన్ని అతని చేతి నుండి కాపాడటానికా? లేక అతడు మారి మంచి మనిషిగా తిరిగి రావడానికా? ఈ నాలుగు జవాబుల మధ్య లోకం శతాబ్దాలుగా ఊగిసలాడుతోంది. అయితే జైలు నుండి వచ్చిన మనిషి చివరకు చేరేది మన మొహల్లాకే, నిలబడేది మన మస్జిద్ వాకిట్లోనే. కనుక ఈ ప్రశ్న ప్రభుత్వాలకు ఎంత సంబంధించినదో మనకూ అంతే సంబంధించినది.

దివ్య ఖుర్‌ఆన్ ఒక ప్రవక్త జీవితంలోని కొన్ని సంవత్సరాలను చెరసాలలోనే చూపించింది. ఆయన హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం). ఆయన నిర్దోషి. ఆయన నిర్దోషిత్వానికి రుజువులు కళ్ళారా చూచిన తరువాత కూడా పెద్దలు ఆయనను ఖైదు చేయడమే తమకు మేలని భావించారని సూరహ్ యూసుఫ్ తెలియజేస్తోంది. ఆయనతోపాటు ఇద్దరు యువకులు ఖైదులో ప్రవేశించారు. ఆయన వారితో మాట్లాడిన తీరును గమనించండి. వారి నేరమేమిటని ఆరా తీయలేదు. చెరసాల సహచరులారా అని పిలిచారు. వారి కలలకు అర్థం చెప్పబోయే ముందు వారిని ఏకైక ప్రభువు వైపునకు ఆహ్వానించారు. అంటే, ఖైదులో ఉన్న మనిషి హృదయం ఇంకా సత్యాన్ని అందుకోగలదని ఒక ప్రవక్త నమ్మారు.

ఆ తరువాత జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. విడుదలై వెళ్ళినవాడు యూసుఫ్ (అలై) మాటను తన యజమాని వద్ద ప్రస్తావించడం మరచిపోయాడు. ఆ మరపు ఫలితంగా ఆయన మరికొన్ని సంవత్సరాలు చెరలోనే ఉండిపోయారు. సోదరులారా! బయట ఉన్నవాడు మరచిపోయినందువల్ల లోపల ఉన్నవాడి వయస్సు కరిగిపోవడం ఆనాటితో ముగిసిన కథ కాదు.

ఇస్లాం నేరాన్ని తేలికగా తీసుకోదు. శిక్షను నిరాకరించదు. ప్రాణం, ధనం, మానం పవిత్రమైనవి; వాటిపై చేయి వేసినవాడు జవాబు చెప్పుకోవలసిందే. కాని సూరహ్ మాయిదాలో దొంగతనానికి శిక్ష పేర్కొన్న వెంటనే, తరువాతి వాక్యంలోనే, దుర్మార్గం చేసిన పిదప ఎవరు పశ్చాత్తాపం చెంది తమను సంస్కరించుకొంటారో వారి వైపునకు అల్లాహ్ కరుణతో మరలుతాడని ఉంది. శిక్షకూ క్షమకూ మధ్య ఒక్క వాక్యమంత దూరం కూడా లేదు. అక్కడ తౌబాతోపాటు వచ్చిన రెండవ మాట ఇస్లాహ్, అనగా దిద్దుబాటు. నాలుకతో పలికే తౌబా ఒక్కటే చాలదు, నడత మారాలి. ఈనాడు లోకం ఖైదీల సంస్కరణ అని దేనిని పిలుస్తున్నదో దానికి మన గ్రంథం పెట్టిన పేరు ఇదే.

శిక్ష తన హద్దు దాటరాదన్నది దైవప్రవక్త (స) నేర్పిన రెండవ పాఠం. మద్యం సేవించిన ఒక వ్యక్తికి శిక్ష అమలైన తరువాత, అక్కడ ఉన్నవారిలో ఒకరు అల్లాహ్ నిన్ను అవమానం పాలు చేయుగాక అని శపించారు. ఆ మాటను ప్రవక్త (స) వారించారు. మీ సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు తోడ్పడకండని హితవు పలికారు. ఇది సహీహ్ బుఖారీలోని హదీసు. శిక్ష పడినది నిజమే. కాని శిక్ష ముగిసిన మరుక్షణం అతడు సోదరుడే. న్యాయస్థానం విధించిన దానిపైన మన నాలుకలు మరొక శిక్షను జోడిస్తే, లాభపడేది షైతాన్ ఒక్కడే.

విశ్వాసులారా!

ఇస్లాం తొలి దినాలలో ప్రత్యేకమైన జైలు భవనం లేదు. సుమామా బిన్ ఉసాల్ (రజి) ఇస్లాం స్వీకరించక పూర్వం బందీగా చిక్కినప్పుడు ఆయనను మస్జిదె నబవీలోని ఒక స్తంభానికి కట్టి ఉంచారు. మూడు రోజులు ఆయన అక్కడి నుండి నమాజులను చూచారు, ఖుర్‌ఆన్ పారాయణం విన్నారు, ముస్లిములు ఒకరితో ఒకరు ఎలా మసలుకొంటారో గమనించారు. ప్రవక్త (స) ప్రతిరోజూ ఆయన వద్దకు వెళ్ళి పలుకరించేవారు. మూడవ రోజున పరిహారమేదీ తీసుకోకుండానే విడిచిపెట్టించారు. విడుదలైన మనిషి తన ఊరి దారి పట్టలేదు. దగ్గరలోని ఖర్జూర తోటలో స్నానం చేసి, తిరిగి అదే మస్జిద్‌కు వచ్చి కలిమా పలికారు. ఆయనను మార్చినది కట్టు కాదు, ఆ కట్టులో ఉండి ఆయన చూచిన సమాజం.

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో పరిహారం చెల్లించుకోలేని, చదువు వచ్చినవారికి అన్సార్ పిల్లలకు వ్రాయడం నేర్పించడమే విడుదల మూల్యంగా నిర్ణయించారు. ఖైదీ వద్ద ఉన్న మంచిని వెలికితీసి, దానిని సమాజానికి ఉపకరింపజేసి, అతనికి స్వేచ్ఛనిచ్చారు. సూరహ్ దహర్ పుణ్యాత్ములను ప్రస్తావిస్తూ వారు నిరుపేదకూ, అనాథకూ, ఖైదీకీ అన్నం పెడతారని పేర్కొంది. అల్లాహ్ ఖైదీని అనాథ పక్కన కూర్చోబెట్టాడు!

రాజ్యం విస్తరించిన తరువాత చెరసాలలు వచ్చాయి. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో మక్కాలో ఒక ఇల్లు ఇందుకోసం కొన్నారు. హజ్రత్ అలీ (రజి) కూఫాలో రెల్లుతో ఒక ఖైదు నిర్మించి దానికి నాఫిఅ అని పేరు పెట్టారని చరిత్రకారులు వ్రాశారు. ఆ పేరుకు ప్రయోజనకరమైనది అని అర్థం. దొంగలు గోడ దొలిచి పారిపోగా మట్టితో గట్టిగా మరొకటి కట్టించారు. అంటే ఆయన అమాయకంగా వ్యవహరించలేదు. గోడ గట్టిగానే ఉండాలి. కాని లోపలకు వెళ్ళినవానికి దానివల్ల మేలు కలగాలన్న తలంపు ఆ మొదటి పేరులోనే ఉన్నది.

ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మ) హిజ్రీ 150లో బాగ్దాద్ ఖైదులో కన్నుమూశారని చరిత్ర చెబుతోంది. ఆయన శిష్యుడు ఖాజీ అబూ యూసుఫ్ (రహ్మ) ఖలీఫా హారూన్ రషీద్ కోసం కితాబుల్ ఖరాజ్ వ్రాసినప్పుడు ఖైదీలను మరువలేదు. వారి పోషణ బైతుల్‌మాల్ నుండి జరగాలని, రొట్టెలు ఇస్తే కాపలాదారులు కాజేస్తారు గనుక నెలనెలా డబ్బు రూపంలో వారి చేతికే ఇవ్వాలని, చలికాలానికీ ఎండాకాలానికీ వేర్వేరుగా బట్టలు ఇవ్వాలని, సంకెళ్ళతో వీధుల్లో భిక్షమెత్తుకొనే దుస్థితిని తొలగించాలని, దిక్కులేక చనిపోయిన ఖైదీ కఫన్ దఫన్ ఖర్చును కూడా బైతుల్‌మాల్ భరించాలని ఆయన సూచించారు. ఇది పన్నెండు వందల ఏళ్ళ క్రితపు మాట.

ఇక పశ్చిమ దేశాల అనుభవం చూద్దాం. 18వ శతాబ్దం వరకు ఐరోపాలో జైలు ప్రధానంగా విచారణ వరకు, లేదా అప్పు తీరే వరకు మనుషులను ఉంచే చోటు. అసలు శిక్షలు కొరడా, ఉరి, ద్వీపాంతరం. 1777లో జాన్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు ఊరూరా జైళ్ళు తిరిగి వాటి దుస్థితిపై గ్రంథం ప్రచురించాడు. నిర్దోషిగా తేలినవారు సైతం జైలరు రుసుము చెల్లించలేక లోపలే ఉండిపోవడం ఆయన మనస్సును కలచివేసింది. ఆ తరువాత అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1829లో ఒక కొత్త తరహా జైలు తెరిచారు. దానిని పెనిటెన్షరీ అన్నారు. ఆ మాటకు మూలం పశ్చాత్తాపం. ఖైదీని పూర్తిగా ఒంటరిగా ఉంచితే తన అంతరాత్మతో మాట్లాడుకొని మారుతాడని దానిని రూపొందించిన దైవభక్తులు నమ్మారు. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం భయంకరం. ఆ ఏకాంతంలో అనేకులు మతి చలించిపోయారు. 1842లో దానిని దర్శించిన ప్రసిద్ధ రచయిత చార్లెస్ డికెన్స్ ఆ మానసిక హింస దేహానికి చేసే ఏ హింసకన్నా ఘోరమైనదని తీర్మానించాడు.

సోదరులారా! తౌబా పేరుతోనే కట్టిన జైలు తౌబాకు ఎందుకు ఉపకరించలేదు? సుమామా (రజి)ని కట్టిన స్తంభాన్ని ఒకసారి తలచుకోండి. అక్కడ మనుషులు ఉన్నారు, పలుకరింపు ఉన్నది, అన్నం ఉన్నది, చూచి నేర్చుకోదగిన నడవడి ఉన్నది. మనిషి మనుషుల మధ్యనే బాగుపడతాడు.

గత శతాబ్దంలో మరొక మలుపు వచ్చింది. 1974లో రాబర్ట్ మార్టిన్‌సన్ అనే అమెరికన్ పరిశోధకుడు ప్రచురించిన వ్యాసం చదివి, ఖైదీలను సంస్కరించే ఏ ప్రయత్నమూ ఫలించదని చాలామంది నిర్ధారించుకొన్నారు. 1979లో ఆయనే తన అభిప్రాయాన్ని సవరించుకొన్నాడు. ఆ సవరణను ఎక్కువమంది పట్టించుకోలేదు. 1970ల ఆరంభంలో అమెరికా రాష్ట్ర, ఫెడరల్ జైళ్ళలో సుమారు 2 లక్షల మంది ఉండగా, 2009 నాటికి ఆ సంఖ్య 16 లక్షలకు చేరింది. నార్వే మరొక బాట పట్టింది. స్వేచ్ఛను కోల్పోవడమే శిక్ష, అంతకుమించిన బాధ శిక్షలో భాగం కాదన్నది అక్కడి సూత్రం. 2010లో అక్కడ ప్రారంభమైన హాల్డెన్ జైలులో కార్ఖానాలు, చదువు, వంట గదులు ఉన్నాయి. రేపు మన పొరుగువాడు కాబోయే మనిషి ఎలాంటివాడై రావాలని కోరుకొంటామో, లోపల అతడిని అలా చూడాలన్నది వారి ఆలోచన.

మన దేశం సంగతికి వద్దాం. 1838లో మెకాలే సభ్యుడిగా ఉన్న జైలు సంఘం ఖైదీల సంస్కరణను పక్కనపెట్టి కఠినత్వాన్నే సిఫారసు చేసింది. 1894 నాటి జైళ్ళ చట్టం ప్రధానంగా క్రమశిక్షణ గురించినది. 1919-20 నాటి భారత జైళ్ళ సంఘం మొదటిసారిగా ఖైదీని బాగుచేసి సమాజానికి తిరిగి అప్పగించడం జైలు లక్ష్యమని గుర్తించింది. స్వాతంత్ర్యానంతరం న్యాయస్థానాలు ఆ మాటను ముందుకు తీసుకువెళ్ళాయి. 1977లో ఆంధ్రప్రదేశ్ నుండి ఒక కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఉద్యోగాలు ఇప్పిస్తానని నమ్మించి నిరుద్యోగులను మోసగించిన ఒక యువకుడి కేసు అది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అతని శిక్షా కాలాన్ని తగ్గించి, జైలులో అతని తెలివికి తగిన పని ఇవ్వాలనీ, దానికి వేతనం చెల్లించాలనీ, పెరోల్‌పై ఇంటివారిని కలుసుకోనివ్వాలనీ ఆదేశించారు. నేరస్తుడు సాధారణంగా మారగలవాడే గనుక ప్రభుత్వం పగ తీర్చుకోరాదు, అతడిని నిలబెట్టాలి అన్నది ఆ తీర్పు సారాంశం.

మన తెలుగు నేలపై ఈ ఆలోచనకు ఆనవాళ్ళు ఉన్నాయి. హైదరాబాద్‌లో 1954లోనే ఓపెన్ జైలు వెలసింది. అనంతపురంలో ఖైదీలు పొలం పనులు చేసుకొనే వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. ఈనాడు జైళ్ళ శాఖ నడిపే పెట్రోలు బంకులలో ఖైదీలు, విడుదలైనవారు పని చేయడం మీలో చాలామంది చూచే ఉంటారు.

అయినా మరొక నిజం మన గుండెలను కుదిపివేయాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు! వారిలో ముస్లిముల వాటా దేశ జనాభాలో మన వాటా కన్నా ఎక్కువ. దళితుల, ఆదివాసుల పరిస్థితి కూడా అంతే. బెయిలు మంజూరైన తరువాత కూడా పూచీకత్తు ఇచ్చేవారు లేక లోపలే ఉండిపోయిన పేదలు ఎందరో. జాన్ హోవర్డ్ 18వ శతాబ్దంలో చూచిన దృశ్యం, యూసుఫ్ (అలై) అంతకు ఎంతో ముందే అనుభవించిన మరపు, ఇప్పటికీ మన మధ్యనే ఉన్నాయి.

ఇక్కడ కొందరి మనస్సులో ఒక ప్రశ్న మెదలవచ్చు. ఇంతగా ఖైదీ గురించి మాట్లాడుతున్నారు, అతని చేతిలో నష్టపోయినవారి మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. దోపిడీకి గురైన వృద్ధుడి బాధను, కొడుకును పోగొట్టుకొన్న తల్లి కన్నీటిని పక్కనపెట్టి కరుణ గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మన ధర్మంలో హుఖూఖుల్ ఇబాద్, అనగా దాసుల హక్కులు, చాలా బరువైనవి. ఒకరి సొమ్ము కాజేసినవాడు రాత్రంతా సజ్దాలో ఏడ్చినా, ఆ సొమ్ము తిరిగి ఇవ్వనంత వరకు, లేదా హక్కుదారుడు క్షమించనంత వరకు అతని తౌబా పూర్తికాదని ఉలమా వివరించారు. కనుక సంస్కరణ అంటే నేరాన్ని మరచిపోవడం కాదు. చేసిన నష్టాన్ని ఒప్పుకొని, సాధ్యమైనంత పూడ్చి, మళ్ళీ చేయకుండా నిలబడటం. ఆ పూడ్చడానికి కూడా అతనికి పని కావాలి, సంపాదన కావాలి. పని దొరకనివాడు బాధితుడికి ఏమి తిరిగి ఇవ్వగలడు?

సోదరులారా! బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఒక ఉదంతం మీరందరూ విన్నదే. తొంభై తొమ్మిది హత్యలు చేసిన ఒక వ్యక్తి పశ్చాత్తాపంతో ఒక సన్యాసి వద్దకు వెళ్ళి తనకు తౌబా ఉన్నదా అని అడిగాడు. లేదన్నాడు ఆ సన్యాసి. ఆ మాట వినగానే అతడినీ చంపి నూరు పూర్తి చేశాడు. పిదప ఒక పండితుని వద్దకు వెళ్ళాడు. తౌబాకూ నీకూ మధ్య అడ్డు నిలిచేవారెవరు అని ఆ పండితుడు ధైర్యం చెప్పి, నీ ఊరు చెడ్డది, దానిని విడిచి మంచివారున్న ఫలానా ఊరికి వెళ్ళి వారితో కలిసి అల్లాహ్‌ను ఆరాధించమన్నాడు. ఆ దారిలోనే అతనికి మరణం వచ్చింది. అతడు మంచి ఊరికి జానెడు దగ్గరగా ఉన్నాడని తేలి, కారుణ్య దూతలు అతని ఆత్మను తీసుకువెళ్ళారు.

ఈ ఉదంతంలో రెండు విషయాలు గమనించండి. తలుపు మూసిన ఒక్క మాట మరొక ప్రాణాన్ని బలిగొన్నది. మార్గం లేదని చెప్పబడిన మనిషికి పాత దారి తప్ప మరేమి మిగులుతుంది? రెండవది, ఆ పండితుడు క్షమ ఉన్నదని చెప్పి ఊరుకోలేదు, మంచివారున్న ఊరును చూపించాడు. ఇప్పుడు మనల్ని మనం ప్రశ్నించుకోవలసినది ఇది. జైలు నుండి వచ్చిన యువకుడు మన మొహల్లాకు చేరినప్పుడు, మనది ఆ మంచి ఊరేనా? లేక లేదని చెప్పిన ఆ సన్యాసి గడపా?

అతనికి ఇల్లు అద్దెకు ఇవ్వం. దుకాణంలో పనికి పెట్టుకోం. అతని చెల్లెలి సంబంధం తప్పిపోయేలా చెవిలో చెబుతాం. సఫ్‌లో అతని పక్కన ఖాళీ వదులుతాం. తరువాత పాత స్నేహితులు అతనికి టీ తాగించి చేయి భుజంపై వేస్తే, చూశారా, వీడు మారడని తీర్పు చెబుతాం. హజ్రత్ ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్మ) ఒకప్పుడు బాటసారులను దోచుకొన్న మనిషి. ఒక రాత్రి చెవిన పడిన ఖుర్‌ఆన్ వాక్యం ఆయనను మార్చివేసింది. ఆనాటి సమాజం ఆయనను పాత పేరుతోనే పిలుస్తూ ఉండి ఉంటే, హరం షరీఫ్‌లో ఖలీఫాను సైతం ఏడిపించిన ఆ ఆబిద్ మనకు దక్కేవారా?

కనుక ఈ మస్జిద్ నుండి కొన్ని పనులు సంకల్పించుకొని వెళదాం.

మొదటిది, మన మొహల్లాలో ఎవరి మనిషి జైలులో ఉన్నాడో తెలుసుకొని ఆ ఇంటి తలుపు తట్టండి. నేరం చేసింది ఒకరైతే, ఆ పిల్లల ఆకలి నేరం కాదు. వారి స్కూలు ఫీజు, ములాఖత్‌కు వెళ్ళే బస్సు చార్జీ చూడటం ఇబాదత్.

రెండవది, విచారణ ఖైదీల హక్కులు తెలుసుకొని తెలియజేయండి. ప్రతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పేదలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న కొత్త చట్టం 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో చిక్కినవారు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం విచారణలోనే గడిపి ఉంటే బాండుపై విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. బెయిలు డబ్బు కట్టలేని పేదలకు, జరిమానా కట్టలేక శిక్ష ముగిసినా లోపల ఉన్నవారికి ఆర్థిక సాయం అందించే కేంద్ర పథకం 2023లో వచ్చింది. ఇవి తెలియకనే చాలామంది లోపల ఉండిపోతున్నారు. మరచిపోయిన ఆ ఖైదు సహచరునిలా మనం మరచిపోరాదు.

మూడవది, సూరహ్ తౌబా పేర్కొన్న జకాత్ హక్కుదారులలో బానిసత్వం నుండి విముక్తి పొందవలసినవారు, రుణగ్రస్తులు ఉన్నారు. జరిమానా భారంతో నలుగుతున్న పేద ఖైదీకి మీ జకాత్ ఏ రీతిలో చేరవచ్చో మీ ముఫ్తీలను అడిగి తెలుసుకోండి. సదఖాకైతే ఏ అడ్డూ లేదు.

నాల్గవది వ్యాపారులకు, మేస్త్రీలకు, మెకానిక్ షెడ్డు యజమానులకు నా విజ్ఞప్తి. ఏడాదికి ఒక్కరికి పని ఇవ్వండి. కళ్ళు మూసుకొని గల్లాపెట్టె అప్పగించమని నేను అనడం లేదు. తగిన పని, తగిన పర్యవేక్షణ, సకాలంలో కూలీ ఇవ్వండి. అంతే.

అయిదవది, నాలుకను అదుపులో ఉంచుకోండి. అతని పేరుకు ముందు కేసు పేరు చేర్చి పిలవకండి.

రెండవ ఖుత్బా

సోదరులారా! యూసుఫ్ (అలై) తనను బావిలో పడవేసిన సోదరులతో ఈనాడు మీపై ఎలాంటి నింద లేదన్నారు. మక్కా విజయ దినాన మన ప్రవక్త (స) తనను వెళ్ళగొట్టిన ఖురైషులకు అదే మాట వినిపించారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. మనమంతా కూడా ఒక రకంగా విచారణలో ఉన్నవారమే. మన దస్త్రం ఇంకా మూయబడలేదు, తీర్పు రోజు రాలేదు. ఆ రోజున మన పాపాలను కప్పిపుచ్చాలని ప్రభువును అడిగే మనం, ఈ రోజు తోటి మనిషి పాపాన్ని బజారులో పెట్టడం తగునా?

ఓ అల్లాహ్! అన్యాయంగా చెరలో ఉన్నవారికి విముక్తి ప్రసాదించు. నేరం చేసినవారికి నిజమైన తౌబా, ఇస్లాహ్ భాగ్యం అనుగ్రహించు. వారి చేతిలో నష్టపోయినవారి గాయాలను మాన్పి, వారి హక్కును వారికి చేర్చు. న్యాయం చెప్పేవారికి న్యాయబుద్ధినీ, జైళ్ళు నడిపేవారికి కరుణనూ ఇవ్వు. ఎదురుచూస్తున్న తల్లులకు, భార్యలకు, పిల్లలకు సహనాన్ని, ఆసరాను ఇవ్వు. తిరిగి వచ్చినవారికి మా ఊరిని మంచి ఊరుగా మార్చు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.